ముసాఫిర్‌కు గడువు: పర్యాటక వీసా పొడిగింపును గూర్చి

మార్కాపురం పలక మనకంటె ముందే సముద్రం దాటింది. ఇక్కడి గనులలో తీసిన రాయి బడిపిల్లల పలకగా, ఇంటి గోడలకు పరచే బిళ్ళగా విదేశాలకు ఎగుమతి అయిన రోజులలో, ఆ రాతిని చీల్చిన మనుషులలో కర్నూలు దాటి చూసినవారు అరుదు. నేడు ఆ స్థితి లేదు. వానకు నమ్మకం లేని సేద్యం, నానాటికి లోతుకు పోతున్న బోరుబావులు, ఫ్లోరైడు నీరు, సన్నగిల్లిన పలకల పరిశ్రమ: ఇవి గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల మనుషులను బయటికి పంపాయి. కొందరు హైదరాబాదుతో, బెంగుళూరుతో ఆగారు. మరికొందరు దుబాయి, కువైట్, సౌదీ అరేబియా చేరారు. వీరు గాక ఉమ్రాకు పోయే పెద్దలున్నారు. అమెరికాలో కూతురి కాన్పుకు పోయి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లులున్నారు.

బయలుదేరేవారికి ఊరి ఏజెంటు చెప్పే మాట దాదాపు ఎల్లచోట్లా ఒకటే: “ముందు విజిట్ వీసా మీద పోండి. పోయాక పొడిగించుకోవచ్చు. ఆనక పని వీసాగా మార్చుకోవచ్చు.” వినడానికి ఇది ఒక్క వాక్యమే. కాని చూడడానికి పోవడం, గడువు పొడిగించుకోవడం, పనిలో చేరడం అను మూడు వేర్వేరు అనుమతులను ఇది ఒకే దారాన గుచ్చింది. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది రాదు. రెండవది వచ్చినా మూడవది వచ్చినట్లు కాదు. అప్పు తెచ్చి లక్షలు కట్టే కుటుంబం ఈ తేడాను విమానం ఎక్కకముందే తెలుసుకోవాలి. మన ఇళ్ళలో దరఖాస్తు నింపేది, ఇంగ్లీషులో వచ్చిన కాగితం చదివి తాతకో, మేనమామకో చెప్పేది చదువుకుంటున్న పిల్లలే గనుక ఈ విషయాన్ని విద్యార్థుల ముందు పెట్టడం ఉచితమని భావించాము.

విషయం కొత్తదేమీ కాదు. నమాజు నేర్చుకున్న ప్రతి పిల్లవానికి ముసాఫిర్, ముకీమ్ అను రెండు మాటలు తెలుసు. ప్రయాణంలో ఉన్నవాడు ముసాఫిర్. అతనికి నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా తగ్గుతుంది. ఒకచోట పదిహేను రోజులు గాని అంతకు మించి గాని ఉండాలని సంకల్పించినవాడు హనఫీ సంప్రదాయంలో ముకీమ్ అవుతాడు. అతడు పూర్తి నమాజు చేయాలి. గల్ఫ్ దేశాలలో నివాస అనుమతి పత్రాన్ని ‘ఇకామా’ అంటారు. ఆ మాట, ముకీమ్ అను మాట ఒకే ధాతువు నుండి వచ్చినవి. అంటే బాటసారి వేరు, నివాసి వేరు అను విభజన ఫిఖ్‌హ్ గ్రంథాలలోను ఉంది, నేటి వలస చట్టాలలోను ఉంది. భేదమొక్కటే. నమాజు విషయంలో మన నియ్యత్ నిర్ణయిస్తుంది. వీసా విషయంలో ఆ దేశపు అధికారి వేసిన ముద్ర నిర్ణయిస్తుంది.

స్వదేశాన్ని విడిచి విదేశానికి పోవడం మన హక్కు. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో మన సుప్రీంకోర్టు, విదేశయానం రాజ్యాంగపు 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. మొదటి తీర్పు వచ్చిన ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అయితే పరదేశంలో ఉండడం హక్కు కాదు. ఈ మాట మన దేశానికీ వర్తిస్తుంది. 1937 నుండి భారతదేశంలో ఉంటూ, అనుమతి గడువును పొడిగించుకుంటూ వచ్చిన లూయీ డి రేడ్ట్ అను బెల్జియం దేశపు మతబోధకుడు, ఇక పొడిగింపు లేదన్నప్పుడు సుప్రీంకోర్టుకు పోయాడు. ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ విదేశీయునికీ ఉంటుంది గాని, ఇక్కడ స్థిరపడే హక్కు అతనికి లేదని 1991లో కోర్టు చెప్పింది. అర్ధశతాబ్ది దాటి ఉన్నవానికే అట్లయితే, ముప్పై రోజులకు పోయినవాని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయం. వీసా కాగితంపై కనబడే ఆఖరు తేదీ చాలా దేశాలలో ‘ఈ తేదీ వరకు ఉండవచ్చు’ అని చెప్పదు. ‘ఈ తేదీలోగా ప్రవేశించవచ్చు’ అని మాత్రమే చెబుతుంది. ఎన్నాళ్ళు ఉండవచ్చునో విమానాశ్రయంలో ప్రవేశించేటప్పుడు తేలుతుంది. అమెరికా విషయంలో ఈ పొరపాటు తరచు జరుగుతుంది. పాస్‌పోర్టులో పదేండ్ల వీసా అంటించి ఉంటుంది. దానిని చూసి పదేండ్లు ఉండవచ్చునని ఎవరూ అనుకోరు గాని, ఆరు నెలలు దాటి కొన్నాళ్ళు ఉన్నా ఫరవాలేదని అనుకునేవారు ఉన్నారు. అక్కడ లెక్కలోకి వచ్చేది వీసా కాదు, ఐ-94 అను ప్రవేశ రికార్డులోని తేదీ. 2013 నుండి విమాన ప్రయాణికులకు ఆ కాగితం చేతికి ఇవ్వడం మానివేసి, కంప్యూటరులో ఉంచుతున్నారు. దిగిన వారంలోపల పిల్లల చేత దానిని తీయించి తేదీ చూసుకోవడం పెద్దలకు అవసరం.

ఆ తేదీ దాటకముందే, బలమైన కారణం ఉంటే, ఐ-539 అను ఫారం ద్వారా పొడిగింపు కోరవచ్చు. కనీసం నలభై ఐదు రోజులు ముందుగా పెట్టుకొమ్మని అక్కడి శాఖయే సలహా ఇస్తుంది. ఎందుకు ఉండవలసి వచ్చింది, ఖర్చు ఎవరు భరిస్తారు, తిరిగి వెళ్ళే ఉద్దేశానికి ఆధారమేమి అను మూడింటికి కాగితాలు చూపాలి. కోడలి కాన్పు కష్టమైంది, మామగారికి గుండె ఆపరేషను జరిగింది వంటి కారణాలకు వైద్యుని పత్రం జత చేయాలి. గడువులోగా సక్రమంగా దరఖాస్తు పెట్టినవారు జవాబు వచ్చేదాకా ఉంటే, ఆ రోజులను సాధారణంగా అక్రమ నివాసపు లెక్కలో కలపరు. జవాబు ‘కాదు’ అని వస్తే వెంటనే బయలుదేరాలి. దరఖాస్తే పెట్టకుండా గడువు దాటితే చేతిలోని పదేండ్ల వీసా చెల్లకుండా పోతుంది. నూట ఎనభై రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్ళినవారు మూడేండ్లు, ఏడాది గాని అంతకు మించి గాని ఉండి వెళ్ళినవారు పదేండ్లు తిరిగి ప్రవేశించకుండా 1996 నాటి చట్టం అడ్డుకుంటుంది. మనవడి పుట్టినరోజు కోసమని నిలిచిపోయిన నానమ్మ, అదే మనవడి తరువాతి పుట్టినరోజులు చూడలేకపోవడం ఈ విధంగానే జరుగుతుంది.

ఐరోపాలో పొడిగింపు ఇంకా కష్టం. షెన్‌గెన్ దేశాలన్నిటికీ కలిపి ఏ 180 రోజులలోనైనా 90 రోజులే. ప్రకృతి వైపరీత్యం, తీవ్రమైన అనారోగ్యం, మానవతా కారణం, బలమైన స్వంత కారణం ఉంటే తప్ప పొడిగించరు. బ్రిటనుకు సందర్శకుడుగా పోయినవాడు మొత్తం మీద ఆరు నెలలకు మించి ఉండడం సాధారణంగా కుదరదు. థాయిలాండులో మాత్రం మార్గం సులువు: వలస కార్యాలయానికి పోయి, ఫారం నింపి, 1,900 బాత్‌లు కడితే సామాన్యంగా మరొక ముప్పై రోజులు ఇస్తూ వచ్చారు, గడువు దాటితే రోజుకు 500 బాత్‌ల జరిమానా. నేపాలు, భూటానులకు మనకు వీసాయే లేదు గనుక పొడిగింపు ప్రసక్తి అంతగా రాదు.

గల్ఫ్ సంగతి వేరు. అమెరికాకు మన తల్లిదండ్రులు చూడడానికి పోతారు. దుబాయికి విజిట్ వీసా మీద పోయే యువకులలో చాలామంది చూడడానికి పోరు. అరబ్ ఎమిరేట్స్‌లో ముప్పై, అరవై రోజుల వీసాలు ఉన్నాయి. రుసుము కట్టి దేశం లోపలి నుండే పొడిగించుకునే వీలు నేడు ఉంది. పూర్వం అది లేని కాలంలో గడువు తీరగానే దేశం దాటి, కొత్త వీసా చేతికి వచ్చాక మళ్ళీ ప్రవేశించేవారు. దీని కొరకు ఇరాన్‌కు చెందిన కిష్ అను చిన్న దీవి పేరుపొందింది. అక్కడ దిగడానికి వీసా అక్కరలేదు. దుబాయిలోని యజమానో, ఏజెంటో కొత్త వీసా పంపేదాకా ఆ దీవిలోని చవక బసలలో మంచానికి ఇంత అని అద్దె కట్టి, రోజులు, వారాలు లెక్కపెట్టుకుంటూ మనుషులు పడి ఉండేవారు. పంపుతానన్నవాడు ఫోను ఎత్తకపోతే ముందుకు పోలేరు, వెనుకకు రావడానికి చేతిలో డబ్బు ఉండదు.

2004 ఫిబ్రవరి 10న ఆ దీవి నుండి షార్జాకు వస్తున్న కిష్ ఎయిర్ వారి ఫోకర్-50 విమానం, దిగబోయే ముందు కూలిపోయింది. అందులో ఉన్న 46 మందిలో 43 మంది మరణించారు. మృతులు అనేక దేశాలవారు. మన భారతీయులూ వారిలో ఉన్నారు. ఆ విమానాలలో ప్రయాణించినవారిలో పలువురు వీసా మార్పు కోసం పోయి వచ్చే శ్రామికులే. విమానం కూలడానికి కారణం వీసా కాదు. అయినను వారు ఆ విమానంలో ఎందుకున్నారు అను ప్రశ్నకు జవాబు గడువు పొడిగింపు అను మూడు ముక్కల నిబంధనలో ఉంది.

నేడు దీవికి పోనక్కరలేదు, నిజమే. కాని పొడిగించిన విజిట్ వీసా కూడా విజిట్ వీసాయే. దానితో పని చేయరాదు. 2024లో అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం తన చట్టాన్ని సవరించి, అనుమతి లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుండి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా విధించింది. యజమానికి భయం పెరిగితే మంచిదే. కాని జీతం ఎగ్గొట్టిన యజమానిపై ఫిర్యాదుకు పోదామంటే, తాను అనుమతి లేకుండా పని చేశానని ముందు ఒప్పుకోవలసిన స్థితిలో ఈ కుర్రవాడు ఉంటాడు. ఏజెంటు చెప్పని ముఖ్య విషయం ఇదే.

మన దేశపు చట్టం వైపు నుండి చూస్తే నష్టం మరింత స్పష్టమవుతుంది. 1983 నాటి వలస చట్టం పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టును ‘ఈసీఆర్’ వర్గంలో చేర్చి, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోయేముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందాలన్నది. చాలామంది దీనిని మరొక అడ్డంకిగా, మరొక ఖర్చుగా చూస్తారు. నిజానికి ఆ తలుపు గుండా పోయినవానికి జీతమెంతో రాసిన ఒప్పందం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించి తీసుకోరాదని నియమం ఉంది. సందర్శకునిగా పోయేవానికి ఈ అనుమతి అడగరు. అడగరు గనుక ఆ మార్గం సులువు. సులువు గనుక ఏజెంటుకు ఇష్టం. ఒప్పందం, బీమా, రుసుము హద్దు మూడూ ఆ సులువులో పోతాయి.

డిగ్రీ విద్యార్థులు మరొకటి గమనించాలి. ‘కంప్యూటరు ఉద్యోగం’ అని చెప్పి పర్యాటకులుగా థాయిలాండుకు, కంబోడియాకు రప్పించి, అక్కడి నుండి సైబరు మోసాల కేంద్రాలలో బంధించిన ఉదంతాలలో తెలుగు యువకులు చిక్కుకున్నారు. కంబోడియాకు పోయినవారి విషయమై 2024లో విశాఖపట్నం పోలీసులు కేసులు పెట్టారు. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దులోని ఇట్టి కేంద్రాల నుండి బయటపడిన 549 మంది భారతీయులను రెండు రోజులలో వైమానిక దళపు విమానాలలో తీసుకువచ్చారు. అట్టి చోట గడువు దాటిన వీసా సంకెళ్ళతో సమానం. తప్పించుకుని బయటపడినా మొదట నేరస్థునిగా నిలబడవలసినవాడు అతడే.

గడువు దాటినవారికి గల్ఫ్‌లోని మనవారు ఒక పేరు పెట్టారు: ఖల్లివల్లి. ‘పోనీ, వదిలెయ్’ అను అరబ్బీ మాట అది. కాగితాలు లేక తిరిగే మనిషికి అదే బిరుదయింది. ఖల్లివల్లి మనిషి జ్వరం వస్తే ఆసుపత్రికి పోవడానికి జంకుతాడు. ఇంట్లో చావు జరిగినా రాలేడు. అరబ్ ఎమిరేట్స్‌లో అధిక నివాసపు జరిమానాను 2022లో రోజుకు 50 దిర్హాములుగా చేశారు. ఏడాది దాటిందంటే పద్దెనిమిది వేల దిర్హాములు. కూలి చేసే మనిషి కట్టగలిగే మొత్తం కాదు. అందుకే అప్పుడప్పుడు ప్రకటించే క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తారు. కువైట్ 2018లోను, 2024లోను, అరబ్ ఎమిరేట్స్ 2018లోను, 2024లోను ఇట్టి అవకాశం ఇచ్చాయి. 2024లో ఎమిరేట్స్ సెప్టెంబరు 1న మొదలుపెట్టి, మొదట రెండు నెలలన్నది, తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించింది. అయితే క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ముందుగా ఎవరూ చెప్పలేరు. దానిని నమ్ముకుని గడువు దాటించడం వాన వస్తుందని నమ్మి ముందుగానే అప్పు చేసి విత్తనం చల్లడం వంటిది. అది ఎంత కష్టమో మన పడమటి పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు.

సౌదీ అరేబియా విషయంలో మన పెద్దలకు చెప్పవలసిన మాట వేరుగా ఉంది. ఉమ్రా వీసా గడువును 2022లో ముప్పై రోజుల నుండి తొంభై రోజులకు పెంచారు. ఇంత గడువు చూసి, ఉమ్రా చేసుకుని హజ్ వరకు అక్కడే ఉండిపోదామన్న ఆశ కొందరికి కలుగుతుంది. ఆశ పవిత్రమైనదే, చట్టం మాత్రం ఒప్పుకోదు. హజ్‌కు వేరే అనుమతి ఉంది. 2024 హజ్‌లో తీవ్రమైన ఎండకు మరణించినవారు 1,301 మంది అని, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి చల్లబరచిన గుడారాలు లేవు, బస్సులు లేవు. మండుటెండలో మైళ్ళకొలది నడిచారు. 2025లో ఉమ్రా యాత్రికులు ఏప్రిల్ 29లోగా దేశం విడువాలని గడువు పెట్టారు. అనుమతి లేకుండా హజ్‌కు యత్నించినవారికి 20,000 రియాళ్ళ వరకు జరిమానా, గడువు దాటి నిలిచిన విదేశీయులకు దేశబహిష్కరణ, పదేండ్ల నిషేధం ప్రకటించారు. స్తోమత ఉన్నవానికే హజ్ విధి అన్న నియమం మనకు తెలిసినదే. అనుమతి కూడా స్తోమతలో భాగమని ఇంటిలోని యువకులు పెద్దలకు మర్యాదగా చెప్పవచ్చు.

ఇబ్బంది వచ్చినప్పుడు మన రాయబార కార్యాలయానికి పోతే వీసా పొడిగిస్తారని కొందరు భావిస్తారు. పరాయి దేశం ఇచ్చిన అనుమతిని మన రాయబారి పొడిగించలేడు. ఆయన చేయగలిగింది వేరు. పాస్‌పోర్టు గడువు తీరుతుంటే కొత్తది ఇస్తారు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే పాస్‌పోర్టులో తగినంత కాలం మిగిలి లేనివారికి చాలా దేశాలు పొడిగింపు ఇవ్వవు. పాస్‌పోర్టు పోయినవారికి, యజమాని దాచినవారికి స్వదేశం చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. గల్ఫ్‌లో మనవారు ‘అవుట్‌పాస్’ అనేది దీనినే. 2009 నుండి ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధి ద్వారా, దిక్కులేక నిలిచిపోయినవారికి విమానపు టిక్కెట్టు, న్యాయ సహాయం అందుతున్నాయి. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో దారిలో చిక్కుబడిన బాటసారి ఒకరన్నది ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది.

నియమాలు ఎంత త్వరగా మారతాయో 2020 చూపింది. మార్చి 22 నుండి మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగాయి. సందర్శకులు ఉన్నచోటనే నిలిచిపోయారు. మార్చి 1 తరువాత గడువు తీరిన వీసాలు ఏడాది చివరి దాకా చెల్లుతాయని అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. జూలైలో ఆ మాటను ఉపసంహరించి, సందర్శకులకు ఒక నెల గడువు ఇచ్చింది. పిదప దానినీ కొంత పెంచింది. ఏప్రిల్‌లో విన్న వార్తను నమ్మి ఆగస్టులో నిశ్చింతగా ఉన్నవారు ఇబ్బంది పడ్డారు. కనుక మేము పైన ఇచ్చిన అంకెలను కూడా ప్రయాణపు రోజున ఆ దేశపు వలస శాఖవారి ప్రకటనతో సరిచూసుకోవాలి. పక్కింటివాని అనుభవం గాని, ఏజెంటు వాట్సాప్‌లో పంపిన కాగితం గాని చాలదు. పొడిగింపు దరఖాస్తు పెట్టినప్పుడు రసీదును ఫోటో తీసి ఇంటికి పంపాలి. ఏజెంటు ‘నేను కట్టేశాను’ అంటే, ఆ రసీదుపై పాస్‌పోర్టు సంఖ్య తనదేనా అని చూడాలి.

కళాశాల పాలకవర్గంవారు ఏటా ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించి, ఊరిలో ప్రయాణానికి సిద్ధమవుతున్నవారి కాగితాలు మన విద్యార్థుల చేత చదివించి తెలుగులోను, ఉర్దూలోను చెప్పిస్తే మేలు జరుగుతుంది. ఖర్చు లేని పని.

చివరగా లెక్క విషయం. తొంభై రోజులు అంటే మూడు నెలలు కాదు. జూలై, ఆగస్టు రెంటికీ ముప్పై ఒకటేసి రోజులు. షెన్‌గెన్ దేశాలలోను, థాయిలాండులోను దిగిన రోజునే మొదటి రోజుగా లెక్కిస్తారు. జనవరి 1న అర్ధరాత్రికి పది నిమిషాల ముందు దిగినా అది ఒక రోజే. ముప్పై రోజుల అనుమతి ఉంటే ఆఖరు రోజు జనవరి 30. పొడిగింపు అడగవలసినది ఆ రోజు సాయంత్రం కాదు. అది శుక్రవారమో, ఆదివారమో, ఆ దేశపు పండుగో అయితే కార్యాలయం మూసి ఉంటుంది. దిగిన రోజే క్యాలెండరులో ఆఖరు తేదీకి పది రోజుల ముందు ఒక గీత గీసి పెట్టుకోవాలి.